టైలరుగారింటి ఫోను

"ఎవరికి చెప్పావ్? ముందు అది చెప్పు!"

బావగారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. టీ గ్లాసు ఎగిరి పక్కకి పడింది. దాన్ని ఎవరూ లేపలేదు. బల్ల అంచు నుంచి టీ బొట్లుబొట్లుగా నేల మీదికి కారుతోంది.

చిన్నకోడలు గోడకి ఆనుకుని నిలబడింది.

"చెప్పాను బావగారూ. రూల్ వచ్చిన రోజే చెప్పాను."

"నాకు చెప్పావా?"

"మీకు కాదు."

"మరి ఈ గోడకి చెప్పావా?"

బిల్లుల కౌంటరు దగ్గర పెద్దకోడలు కంప్యూటరు వైపు చూస్తూ కూర్చుంది. స్క్రీను ఎప్పుడో ఆరిపోయింది. అయినా అటే చూస్తోంది. మెట్ల మీద అత్తగారు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఆ ఇంట్లో కింద ఆఫీసు, పైన కాపురం. కింద ఏ గొడవైనా పైకి వెళ్లేది ఆ మెట్ల మీదుగానే.

"పట్నం నుంచి తనిఖీ అధికారి మధ్యాహ్నానికి వస్తున్నాడు," అన్నారు బావగారు. "వచ్చి ఏమడుగుతాడు? 'టైలరు ఇంట్లో బ్యాటరీ ఎందుకు పెట్టలేదు' అని అడుగుతాడు. నేనేం చెప్పాలి? మా రూల్సమ్మ గోడకి చెప్పిందండీ, గోడ నాకు చెప్పలేదండీ అని చెప్పనా?"

రూల్సమ్మ. ఆ పేరు ఆయన పెట్టిందే. మొదట్లో ముద్దుగానే పిలిచేవారు. ఊళ్లో సగం ఇళ్లకి ఇంటర్నెట్టూ, ఇంటి ఫోనూ ఇచ్చేది ఈ అన్నదమ్ములే. ఆఫీసు పని అన్నయ్యది, లైన్ల పని తమ్ముడిది. ఫోను కంపెనీలకి పైనుంచి వచ్చిపడే నియమాలన్నీ చదివి, ఏది మారిందో చెప్పే పని చిన్నకోడలికి అప్పగించారు. పొద్దున ఒక ఉత్తర్వు వచ్చేది, సాయంత్రానికి దాని సవరణ. సవరణ చదివేలోపు దానికి వివరణ. "దీనికన్నా వంట నయం," అని తోడికోడలు నవ్వేది. "ఉప్పు ఒకసారి వేస్తే వేసినట్టే. ఎవరూ వెనక్కి తీసుకోరు."

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

కిందటి వారం గాలివానకి ఊళ్లో కరెంటు పొద్దుటినుంచే పోయింది. టైలరు మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. సెల్ ఫోనులో ఛార్జింగు లేదు. ఆయన భార్య ఇంటి ఫోను ఎత్తింది. చప్పుడు లేదు. మళ్లీ పెట్టి మళ్లీ ఎత్తింది. వానలో చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తి, బండి కోసం చేతులు ఊపుతూ నిలబడింది. ఆసుపత్రికి చేరేసరికి బాగా ఆలస్యమైంది. ఇప్పుడు ఆయనకి మాట రావడం లేదు. కుడిచెయ్యి కదలడం లేదు.

పాత ఫోన్లకి కరెంటు ఆ తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు వీళ్లు వేసే ఫైబరు లైనుకి ఆ సుఖం లేదు. ఇంట్లో కరెంటు పోతే లైను వచ్చి చేరే డబ్బా ఆరిపోతుంది, డబ్బాతోపాటు ఫోనూ పోతుంది. అందుకే ఫోనున్న ప్రతి ఇంట్లో ఆ డబ్బాకి బ్యాటరీ పెట్టాలని, పెట్టేలోపు ఇంటింటికీ వెళ్లి ఆ సంగతి చెప్పాలని కొత్త రూల్ వచ్చింది. చిన్నకోడలు దాన్ని చదివింది. చదివి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"ఆయనకి చెప్పాను," అంది చివరికి.

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి.

తలుపు పక్కన ఆమె భర్త నేల మీద కూర్చుని వైరు చివర తొక్క తీస్తున్నాడు. ఊరంతా అతన్ని నిచ్చెన అంటారు. మనిషి పొడుగు, పైగా భుజం మీద నిచ్చెన లేకుండా ఎవరూ చూడలేదు. అతను తలెత్తలేదు.

"మీరే కదా అన్నారు బావగారూ, ఇకమీదట రూల్సు నాకు నేరుగా చెప్పొద్దు, ఏదున్నా వాడితో చెప్పించు అని. అందుకే ఆయనకి చెప్పాను. మీతో చెప్తానన్నారు."

"ఏరా?" అన్నారు బావగారు. "చెప్పిందా నీకు?"

వైరు తొక్క ముక్క నేల మీద పడింది. ఇంకో ముక్క పడింది.

"ఏరా, నిన్నే."

"నాకు గుర్తులేదన్నయ్యా," అన్నాడు నిచ్చెన.

* * *

పైగదిలో ఆమె మంచం అంచు మీద కూర్చుంది. అతను కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద పెద్దకోడలు బండి స్టార్టు చేసి ఎక్కడికో వెళ్తున్న చప్పుడు వినిపించింది.

"గుర్తులేదా?" అంది ఆమె.

అతను కిటికీ తలుపు దగ్గరికి లాగాడు.

"మీరు అన్నం తింటున్నారు. నేను పక్కన కూర్చుని చదివాను. 'ఇది నిజంగా అవసరమే, కరెంటు పోతే ఫోను చచ్చినట్టే' అన్నది మీరే. గుర్తులేదా?"

"గుర్తుంది."

"మరి?"

"గట్టిగా మాట్లాడకు. అమ్మ మెట్ల మీదే ఉంది."

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నన్ను అంతమందిలో అబద్ధాలకోరుని చేసి, ఇప్పుడు అమ్మ వింటుందని భయమా మీకు?"

అతను కిటికీ ఊచ పట్టుకున్నాడు. "చెప్దామనే వెళ్లాను. ఆవేళే పట్నం నుంచి వచ్చిన పెద్ద ఇంటర్నెట్టు కంపెనీవాళ్లు మన బజారు వీధి ఇళ్లన్నీ లాగేసుకున్నారు. అన్నయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ మొహం చూసి నాకు నోరు రాలేదు. రేపు చెప్దాంలే అనుకున్నా. మర్నాడూ రేపే అనుకున్నా."

"ఆ మాటే కిందికెళ్లి చెప్పండి."

"ఎలా చెప్పను? టైలరు చెయ్యి పడిపోయాక ఎలా చెప్పను?"

"నేను మాత్రం ఎలా పడాలి?"

అతను ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు బయటినుంచి వచ్చినదానివి. నిన్ను రెండు మాటలని ఊరుకుంటారు. కొన్నాళ్లకి మర్చిపోతారు. నేను ఆయన తమ్ముణ్ని. నాన్న పోయాక నన్ను చెయ్యి పట్టుకుని పెంచాడు. నన్ను ఏమీ అనడు. అనకుండా నావైపు చూస్తాడు, జన్మంతా. అది నావల్ల కాదు."

ఆమె అతన్నే చూస్తూ ఉండిపోయింది. అతను అన్నది అతనికి ఎంత నిజమో ఆమెకి తెలుసు. అందుకే ఆమెకి ఇంకా భయం వేసింది.

"బయటినుంచి వచ్చినదాన్ని," అంది నెమ్మదిగా. లేచి పర్సు తీసుకుంది.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఇన్నాళ్లూ వెళ్లడానికి మొహం చెల్లలేదు."

* * *

వార్డు బయట బల్ల మీద టైలరు భార్య ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన ఎవరో తెచ్చిన పళ్ల సంచీ ఉంది, ముడి విప్పనేలేదు. చిన్నకోడలిని చూసి లేవబోయింది.

"కూర్చోండి పిన్నిగారూ. ఎలా ఉన్నారు?"

"ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం నేర్పుతున్నారు. నిన్న కోపంవచ్చి విసిరేశాడు. ఇవాళ విసరలేదు." ఆవిడ జరిగి చోటిచ్చింది. "మీ అక్క ఇప్పుడే వచ్చి వెళ్లింది తల్లీ. పళ్లు తెచ్చింది."

అక్క అంటే తోడికోడలే. పొద్దున బండి చప్పుడు ఇందుకన్నమాట.

"ఏమంది?"

"ఏదో ఆఫీసరు వస్తాడట కదా. అడిగితే చెప్పమంది. నువ్వు మా ఇంటికి వచ్చి, కరెంటు పోతే ఫోను పనిచేయదు, బ్యాటరీ పెట్టించుకోండి అని చెప్పావటగా. మేమే ఇప్పుడొద్దులే అన్నామట." ఆవిడ చీర కొంగుని వేలికి చుడుతోంది, విప్పుతోంది. "నేను రాత్రనకా పగలనకా గుర్తుచేసుకుంటూనే ఉన్నానమ్మా. నువ్వు కొలతలకి వచ్చావు, అది గుర్తుంది. కిందటిసారి జాకెట్టు చేతులు బిగుతయ్యాయన్నావు, అదీ గుర్తుంది. ఈ బ్యాటరీ మాట మాత్రం రావడంలేదు. చెప్పావా? చెప్తే నేనెందుకు వద్దన్నాను? నేను వద్దనబట్టేగా ఆయనకి ఈ గతి?"

చిన్నకోడలు ఆవిడ ఇచ్చిన చోట కూర్చుంది.

"మీ అక్క మంచిది. 'నీ తప్పేం లేదు, ఎవరైనా వద్దనే అంటారు' అంది. కానీ నా మనసు ఒప్పుకోవట్లేదు. ఆయన మొహం చూడలేకపోతున్నా. అందుకే ఇక్కడ బయట కూర్చున్నా."

లోపలినుంచి ఏదో స్టీలు గిన్నె కిందపడ్డ శబ్దం. ఆవిడ ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. కానీ లేవలేదు.

"పిన్నిగారూ."

"చెప్పమ్మా."

"నేను రాలేదు. బ్యాటరీ గురించి మీకు ఎవరూ చెప్పలేదు. మీరు వద్దనలేదు. చెప్పాల్సిన బాధ్యత మాది. మేం చెప్పలేదు."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. కొంగు చుట్టుకున్న వేలు ఆగిపోయింది.

"మరి మీ అక్క…"

"అక్క చెప్పింది నిజం కాదు."

నర్సు ఒకామె మందుల బండి తోసుకుంటూ వాళ్ల ముందునుంచి వెళ్లింది. టైలరు భార్య పళ్ల సంచీ తీసి చిన్నకోడలి ఒళ్లో పెట్టింది. విసరలేదు, మెల్లగా పెట్టింది.

"ఇది తీసుకెళ్లు. నువ్వూ వెళ్లు."

"పిన్నిగారూ, ఆఫీసరు అడిగితే…"

"నాకు తెలుసు ఏం చెప్పాలో. వెళ్లమ్మా." ఆవిడ లేచి, తలుపు తోసుకుని, భర్త ఉన్న గదిలోకి వెళ్లిపోయింది.

* * *

తనిఖీ అధికారి గొంతు పట్టేసిన మనిషి. సొంత ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకున్నాడు. ఫైళ్లు బల్ల మీద పెట్టబోతుంటే బావగారిని ఆపాడు.

"కాగితాలు తర్వాత చూద్దాం సార్. ఎలాగూ అవి పారిపోవు. ముందు మనుషులతో మాట్లాడాలి." ఒక గుక్క నీళ్లు తాగాడు. "ఇక్కడ నియమాలు ఎవరు చూస్తారు?"

"మా మరదలండీ," అన్నారు బావగారు వెంటనే. "మొత్తం తనే చూసుకుంటుంది. మేం వేలు పెట్టం."

అధికారి చిన్నకోడలి వైపు తిరిగాడు. పెద్దకోడలు కౌంటరు దగ్గరనుంచి కళ్లతోనే బతిమాలుతోంది. చిన్నకోడలు ఆసుపత్రి నుంచి తిరిగి తెచ్చిన పళ్ల సంచీ కౌంటరు మీదే ఉంది. దాన్ని చూడగానే తన అబద్ధం బయటపడిందని పెద్దకోడలికి తెలిసిపోయింది. అప్పటినుంచి ఆమె మొహంలో నెత్తురు లేదు.

"బ్యాటరీ నియమం మీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"వచ్చిన రోజే."

"చదివారా? పూర్తిగా?"

"చదివాను."

"మంచిది. మా ఆఫీసులోనే పూర్తిగా చదివినవాళ్లు తక్కువ." నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. "ఎవరికైనా చెప్పారా?"

గుమ్మం దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. ఎక్కడో లైను తెగిందని బయల్దేరినవాడు ఇంకా గుమ్మం దాటలేదు. ఎవరికీ చెప్పలేదని ఒక్క మాట అంటే చాలు. ఇల్లు నిలబడుతుంది. తను మాత్రమే పడుతుంది. రెండు మాటలు అంటారు, కొన్నాళ్లకి మర్చిపోతారు.

ఆసుపత్రిలో మూసిన తలుపు వైపు చూస్తూ బయట కూర్చున్న టైలరు భార్య ఆమె కళ్లముందు మెదిలింది.

"మావారికి చెప్పాను," అంది.

"నిజమేనా?" అధికారి గుమ్మం వైపు చూశాడు.

నిచ్చెన నోరు తెరిచాడు. మూశాడు. అన్నయ్య వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. అలా నేరుగా ఆమె కళ్లలోకి చూడటం పొద్దుటినుంచి అదే మొదటిసారి.

"చెప్పిందండీ," అన్నాడు. "రెండుసార్లు చెప్పింది. నేనే అన్నయ్యకి చెప్పలేదు. పొద్దున అడిగితే గుర్తులేదన్నాను. అబద్ధం చెప్పాను."

చిన్నకోడలు కుర్చీ వీపు పట్టుకుంది.

"అంటే సార్ మీకు ఈ విషయం అసలు తెలియదు," అన్నాడు అధికారి బావగారితో. "అలాగైతే మీ తమ్ముడిని లైన్ల పని నుంచి తప్పించాల్సి వస్తుంది. ఇకమీదట ఈ పని ఎక్కడా చేయనివ్వకపోవచ్చు. కంపెనీకి హెచ్చరికతో సరిపోతుంది. మీకు తెలియదు, అంతేగా?"

బావగారు తమ్ముడి వైపు చూశారు. తిట్టలేదు. చూశారంతే. నిచ్చెన తల దించుకున్నాడు.

"తెలియదు," అన్నారు బావగారు.

"తెలుసు."

ఆ మాట మెట్ల మీదనుంచి వచ్చింది. అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నారు.

"అమ్మా, నువ్వు పైకి వెళ్లు."

"వెళ్లనురా." ఆవిడ కింది మెట్టు మీద ఆగారు. "చిన్నది చదువుతుంటే పక్కగదిలోంచి నేనూ విన్నాను బాబూ. నా ఈడువాళ్లకి ఇంటి ఫోనేగా దిక్కు, భయం వేసింది. మర్నాడు పెద్దాడికి నేనే చెప్పాను. విన్నాడు. 'చూద్దాంలే అమ్మా' అన్నాడు."

అధికారి ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు.

చిన్నకోడలికి పొద్దుటి సంగతంతా ఒక్కసారి కళ్లముందు తిరిగింది. ఎవరికి చెప్పావ్ అని బల్ల గుద్దిన మనిషికి తెలుసు. తల దించుకుని వైరు తొక్క తీసిన మనిషికి తెలుసు. మెట్ల మీద మోకాళ్లు పట్టుకు కూర్చున్న మనిషికీ తెలుసు. తెలిసినవాళ్లంతా చుట్టూ కూర్చుని ఆమెని అడిగారు.

"ఇంతకుముందు రూల్‌తో ఏం జరిగిందో అడగండి!" బావగారి గొంతు చీలింది. ఆయన అధికారితో మాట్లాడుతున్నారో, తల్లితోనో, తెలియలేదు. "ప్రతి ఇంటికీ వెళ్లి గుర్తింపు కాగితాలు మళ్లీ సరిచూడమన్నారు. పనులన్నీ మానుకుని తిరిగాం. జనం చేత తిట్లు తిన్నాం. అంతా అయ్యాక ఆ రూల్ వెనక్కి తీసుకున్నాం అన్నారు! ఇదీ అంతే అనుకున్నాను. నాలుగు రోజులాగితే ఇదీ పోతుందనుకున్నాను. తప్పా? మీరే చెప్పండి, తప్పా?"

అధికారి ఫ్లాస్కు మూత బిగించాడు. "ఆ రూల్ తీసేసినప్పుడు నాకూ చిరాకేసింది సార్," అన్నాడు మెల్లగా. "కానీ తెలియక మానేయడం వేరు, తెలిసీ ఆపడం వేరు. ఇప్పుడు మీ లైసెన్సు సంగతి నా చేతుల్లో లేదు. పైవాళ్లు తేల్చేదాకా ఈ ఇళ్లకి ఫోను నడవాలంటే, ఇకనుంచి ప్రతి ఇంటికీ జవాబు చెప్పే మనిషి ఒకరు కావాలి. మీ మాట ఇక చెల్లదు." అతను చిన్నకోడలి వైపు చూశాడు. "మీరు ఒప్పుకుంటారా అమ్మా?"

అందరూ ఆమె వైపే చూశారు. పొద్దున ఎలా చూశారో ఇప్పుడూ అలాగే. చూపులో అడిగేది మాత్రం వేరు.

"ముందు ఒక పని జరగాలి," అంది ఆమె. "బావగారూ, మీరు ఆసుపత్రికి రండి. ఆవిడ తనవల్లే ఆయన చెయ్యి పడిపోయిందనుకుంటోంది. నేను కాదన్నాను. మీరు మీ నోటితో చెప్పండి. తర్వాత నా జవాబు చెప్తాను."

పెద్దకోడలు రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

బావగారు కుర్చీలోంచి లేవలేదు. ఆయన చూపు బల్ల మీద ఎండిన టీ మరక మీదే ఉంది. నిచ్చెన ఒక అడుగు ముందుకు వేశాడు. "అన్నయ్యా," అన్నాడు.

కదిలింది అత్తగారే. గోడ వారగా నడిచి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టారు. ఒక చెప్పు తిరగబడితే చిన్నకోడలు వంగి సరిచేసింది. ఆవిడ కోడలి భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి అక్కడ పడింది లేదు. బరువుగా ఉంది.

"పద," అన్నారు. "నేను చెప్తాను. విని ఊరుకున్నదాన్ని నేనూ ఉన్నానుగా."

ఇద్దరూ వీధిలోకి దిగారు. పది అడుగులు వేశారో లేదో, వెనక ఆఫీసులో కుర్చీ గట్టిగా జరిగిన చప్పుడైంది.

"అమ్మా! ఆగు!"

బావగారి గొంతే. చిన్నకోడలు వెనక్కి తిరిగి చూసింది. ఆయన గుమ్మంలో రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడ్డారు. తల్లిని ఆపడానికి పిలిచారో, కూడా రావడానికో, ఆ మొహం చూస్తే తెలియలేదు.

అత్తగారు ఆగలేదు.